సున్నపుగట్టు మీద పదకొండు గుర్తులు

ఈ ప్రయాణం నా పంతం వల్ల మొదలైంది. మా ఆదివారం నడక బృందంలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. నూజివీడుకీ మైలవరానికీ మధ్య ఉన్న కొండలన్నీ ఎర్రరాతి కొండలేననీ, వాటి నడుమ ఒకే ఒక్క తెల్లటి సున్నపురాతి గట్టు ఉందనీ, దాని మీదికి కాళ్ళతో పాటు చేతులు కూడా వాడి ఎక్కాల్సిన దారులున్నాయనీ చెప్పారు. అక్కడితో ఆగొచ్చు గదా! "మీ వయసులో ఎందుకులెండి" అని ఒక మాట తగిలించారు. నాకు యాభై మూడు. పాతికేళ్ళుగా ఎనిమిదో తరగతి పిల్లలకి సోషల్ చెప్తూ బతికి బట్టకడుతున్నదాన్ని. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చుంటే నా పేరు నేనే మార్చుకోవాలి.

నాతో వస్తానని మాటిచ్చిన స్నేహితురాలు పద్మజ ముందురోజు సాయంత్రం మోకాలు నొప్పని మెసేజ్ పెట్టింది. పక్కన ఏడుపు బొమ్మ కూడా. ఒంటరిగా రాళ్ళెక్కకూడదని బృందంలో అందరికీ పాఠం చెప్పేది నేనే. అయినా ఇరవై మీటర్ల తాడు, నుదుటికి కట్టుకునే లైటు, చేతి తొడుగులు, మూడు లీటర్ల నీళ్ళు సంచిలో సర్దేశాను. పద్మజకి జవాబు ఇవ్వలేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం, తెల్లవారుజామున ఐదూ ఇరవైకి విజయవాడ బస్టాండులో నూజివీడు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. మహిళలు ఈ దారిన వెళ్ళాలనుకుంటే కార్డు మరిచిపోకండి. జిరాక్సు చూపిస్తే ఒక కండక్టర్ ఊరుకుంటాడు, ఇంకొకడు ఊరుకోడు. మగవాళ్ళు చిల్లర దగ్గర పెట్టుకోవాలి.

నా ముందు సీట్లో నూజివీడు మామిడి వ్యాపారి ఒకాయన కూర్చున్నారు. పూత మీద ఉన్న తోటలు చూడ్డానికి వెళ్తున్నారట. వెనక్కి తిరిగి, నా సంచిలోంచి పైకి కనపడుతున్న తాడు చూసి కాస్త నవ్వారు.

"ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?"

"సున్నపుగట్టుకండీ."

ఆయన మొహంలో ఆ కాస్త నవ్వూ పోయింది. "అక్కడేముందండీ రాళ్ళు తప్ప? సరే, వెళ్తే వెళ్ళారు గానీ, పైన గట్టిగా మాట్లాడకండి. అక్కడ అరిస్తే కింద తోటలో నూతిలోంచి వినపడుద్ది. కూలోళ్ళు హడలి చస్తారు, ఆ పూటకి పని మానేసి పోతారు."

నేను నవ్వాను. సున్నపురాయి లోపల నీళ్ళు తొలిచిన సొరంగాలుంటాయి, శబ్దం వాటి వెంట పోతుంది, ఇందులో హడలడానికి ఏముందని వివరించబోయాను. ఆయన అప్పటికే మఫ్లర్ చెవులకి చుట్టేసి కళ్ళు మూసుకున్నారు.

ఆరూ యాభైకి నూజివీడు. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను. అల్లం చట్నీ ఘాటుకి నిద్ర వదిలింది. ఏడూ ఇరవై ఐదుకి మైలవరం వైపు పల్లెవెలుగు దొరికింది. అరగంటలో గట్టుకిందపాలెం స్టేజీ దగ్గర నన్ను దింపేసి, అది మంచులోకి వెళ్ళిపోయింది.

మంచు అంటే మామూలు మంచు కాదు. రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు, చెట్టు నిండా పూత, ఆ పూత వాసన మంచులో చిక్కుకుని గొంతులోకి దిగుతోంది. ఎక్కడో మందు కొట్టే యంత్రం మోత వినపడుతోంది గానీ అది ఏ దిక్కునుందో చెప్పలేకపోయాను. మాస్టారు చెప్పిన గట్టు ఎక్కడా కనపడలేదు.

టీ బడ్డీ దగ్గర బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఐదుంటాయి. దిట్టమైన మనిషి, వెడల్పాటి భుజాలు, కొంగు నడుముకి బిగించి ఉంది, పక్కన కొడవలి. నేను టీ చెప్పానో లేదో, పలకరింపు కూడా లేకుండా అడిగింది:

"ఆ తాడు ఎన్ని మూరలుంటదండీ?"

"నలభై మూరలు పైనే ఉంటుంది. ఎందుకమ్మా?"

"గట్టు మీదికేనా? నేనొస్తానండి. దారి చూపిస్తాను. కూలేం వద్దు."

కూలి వద్దన్న మనిషిని చూస్తే నాకు మొదట అనుమానమే పుడుతుంది. నేను టీ బడ్డీ ఆయన వైపు చూశాను. ఆయన గ్లాసు కడుగుతూ తలెత్తకుండా, "నాగరత్నమండి. మామిడికాయలు కోసే ముఠా మనిషి. గట్టు ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలవదు. వెళ్ళండి, భయం లేదు," అన్నాడు. భయం లేదని ఎవరైనా చెప్తే కొంచెం భయం వేస్తుంది, అది వేరే సంగతి.

ఎనిమిదీ పదికి బయల్దేరాం. తోట మధ్య ట్రాక్టర్ బాట వెంట ఇరవై నిమిషాలు నడిస్తే రాతి కట్టుతో పెద్ద నుయ్యి వస్తుంది. నుయ్యి దాటాక కంచెలో చిన్న తడిక ఉంది, తీసి మళ్ళీ వేయాలి. అక్కడి నుంచి పొదల్లో పది నిమిషాలు. ఉన్నట్టుండి పొదలు ఆగిపోయి రాయి మొదలైంది. బూడిద కలిసిన తెలుపు. వాన కోసిన గాడులు నిలువునా, వాటి అంచులు చాకుల్లా ఉన్నాయి. చేతి తొడుగులు తప్పనిసరి అని ఇక్కడ రాసుకున్నాను.

మొదటి మెట్టు పదడుగులు ఉంటుంది. పట్లు బాగున్నాయి, రాయి గట్టిది, కాలు జారదు. రెండో మెట్టు రెండు బండల మధ్య ఇరుకు సందు, వీపు ఒక బండకీ కాళ్ళు ఇంకో బండకీ తన్ని ఎక్కాలి. నాగరత్నం చెప్పులు విప్పి నడుముకి కట్టుకుని, నేను పట్టు వెతుక్కునేలోపే పైకి వెళ్ళిపోయింది. చెట్లెక్కే మనిషి గదా. నేను రొప్పుతూ పైకి వచ్చేసరికి నాలుగడుగుల అవతల రాతి మీద తెల్లటి సున్నం మరక కనపడింది.

ఎంత సంతోషించానో! ఎవరో పుణ్యాత్ములు దారి గుర్తులు పెట్టారన్నమాట. దగ్గరికి వెళ్ళి చూస్తే గుర్తు గీకేసి ఉంది. గాడుల్లో మిగిలిన తెలుపు మాత్రమే ఉంది. ముప్ఫై అడుగులు పైన ఇంకోటి. అదీ గీకేసే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"చూశావా నాగరత్నం! ఎవరో కష్టపడి గుర్తులు పెడితే ఏ వెధవో పనిగట్టుకుని గీకేశాడు."

"నేనేనండి," అంది.

"ఏంటి?"

"పెట్టిందీ నేనే, గీకిందీ నేనే." కొడవలి వెనక అంచుతో రాతి మీద మిగిలిన తెలుపుని ఇంకోసారి గీరింది.

అప్పుడు చూశాను, ఆ గుర్తు దారి పక్కన లేదు. ఒక బిలం అంచు మీద ఉంది. మనిషి పట్టేంత నోరు, లోపల చీకటి. మొహం దగ్గర పెడితే చల్లటి గాలి వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. బయటా లోపలా చలి తేడా వల్ల సున్నపురాతి బిలాలు ఇలాగే ఊపిరి పీల్చి వదులుతాయని పిల్లలకి చెప్పే పాఠం నాకు తెలుసు. తెలిసినా మొహం వెనక్కి తీసుకున్నాను.

మూడో గుర్తు దగ్గర, తొమ్మిదిన్నర ప్రాంతంలో, నీళ్ళు తాగడానికి కూర్చున్నప్పుడు తనే చెప్పింది. నేను అడగలేదు.

"నాలుగేళ్ళయిందండి. రసాలు కోత అయిపోతున్న రోజులు. మా ముఠా కిందే ఆ నుయ్యి ఉన్న తోటలో దిగాం. మా మేకపిల్లొకటి గట్టెక్కి ఒక బిలంలో పడిపోయింది. మా ఆయన, కోటయ్య, దాని కోసం దిగాడు. మళ్ళీ పైకి రాలేదు. లోపల దారి తప్పాడు. రెండు రోజుల పైనే పిలిచాడండి."

"పిలుస్తుంటే ఎక్కడున్నాడో తెలియలేదా?"

"అదే గదండీ. అన్నిట్లోంచీ వచ్చేది గొంతు. ఇక్కడ వినపడిందని ఇటు వస్తే అటు వినపడేది. కింద నూతిలోంచి కూడా. నీళ్ళు తోడటానికి వెళ్ళినోళ్ళు బకెట్లు పడేసి పరిగెత్తుకొచ్చారు."

ఆమె ఏడవలేదు. ఎవరికో లెక్క అప్పచెప్తున్నట్టు చెప్పింది. ఊరివాళ్ళు తాళ్ళు తెచ్చారు, ఫైరింజను వాళ్ళూ వచ్చి ఒకరోజంతా దిగారు. గట్టు నిండా బిలాలు, ఏది చూశారో ఏది చూడలేదో తెలియకుండా పోతుంటే, ముఠా మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడట. తోటలో కోత అయిపోయిన చెట్టు మొదలు మీద సున్నం గీస్తారు, మళ్ళీ ఎవరూ దాన్ని ఎక్కి పొద్దు పోగొట్టుకోకుండా. అలాగే దిగి చూసేసిన బిలానికి సున్నం పెట్టేద్దాం అన్నాడు. సున్నం డబ్బా నాగరత్నం చేతికిచ్చారు. ముఠాలో ఆ పని ఎప్పుడూ ఆమెదే.

"రెండోరోజు సాయంత్రం ఏడోదాని పక్కనించి పోతున్నాం. అందులోంచి వచ్చిందండి గొంతు. 'రత్నం' అన్నాడు. దగ్గరగానే. మావోళ్ళు ఆగారు. నేనే, ఈ నోటితోనే అన్నాను, 'ఇది పొద్దున్నే చూసేశాంగా, సున్నం ఉందిగా, పక్కదాంట్లోంచి వస్తంది పదండి' అని. కోసిన చెట్టు మేం మళ్ళీ ఎక్కమండి. పైన కాయ కనపడ్డా వదిలేస్తాం. అలవాటు. కాయ ఉన్నచోటే ఉంటది. మనిషి లోపల నడుస్తాడు గదా! ఆ సంగతి అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు."

మూడోరోజు ఇంకో నాలుగు బిలాలు చూశారు. అప్పటికి గొంతు ఆగిపోయింది. సాయంత్రం వాన పడింది, అందరూ కిందకి దిగిపోయారు. మొత్తం పదకొండు గుర్తులు. ఆ తర్వాత ఆమె ఒక్కతే, పని లేని రోజుల్లో వచ్చి, ఒక్కో బిలం మళ్ళీ దిగి చూసి, చూసినదానికి సున్నం గీకేస్తోంది. పది అయ్యాయి. ఏడోది మిగిలింది. అది నిలువు బిలం, తాడు కావాలి, మధ్యలో ఇరుకు. అప్పట్లో అందులో దిగి చూసింది ఫైరింజను వాళ్ళలో సన్నటి కుర్రాడొకడట. రెండుసార్లు మోకు కట్టుకుని దిగబోతే భుజాలు పట్టలేదట.

"ఆయన బతికుంటాడని పిచ్చి ఆశేం లేదండి నాకు," అంది. "ఒక్కటే తెలుసుకోవాలి. ఏడోదాంట్లో కిందనించి చూస్తే నా సున్నం కనపడుద్దా, కనపడదా? కనపడితే ఆయనకి తెలిసిపోయి ఉంటది, ఇంక ఇటు ఎవరూ రారని. నేను రెండు వేళ్ళతో పెడతాను. ముఠాలో ఇంకెవరూ అట్టా పెట్టరు. చూడగానే నాదేనని తెలుస్తది. నేను చేత్తో పెట్టిన సున్నం కింద కూర్చుని పోయాడా అని... ముద్ద దిగట్లేదండి."

నేను నా తాడు వైపు చూసుకున్నాను. నిజం చెప్పాలంటే, కోపం వచ్చింది. నాకు తోడొస్తానన్నది ఇందుకా అని. ఆ కోపం ఎంతసేపు, ఒక గుటక నీళ్ళంతసేపు. నేను కట్టెపుల్లలా ఉంటానని చిన్నప్పటి నుంచీ అందరూ ఏడిపించేవాళ్ళే. నా భుజాలు ఎందులోనైనా పడతాయి.

మూడో గుర్తు నుంచి ఏడో గుర్తు దాకా దారి ఇలా ఉంటుంది: ఎడమవైపు గోడ పట్టుకుని అడుగు వెడల్పు అంచు మీద నలభై అడుగులు నడవాలి. తర్వాత పొడుగాటి ఏటవాలు బండ, చేతులు కాళ్ళు రెండూ ఆనించి పాకాలి. ఆ బండ మీద ఉండగా నా అరచేతి కిందనుంచి ఎవరో మాట్లాడారు. ఆడగొంతులు. నవ్వు. "చీపురెక్కడ పెట్టావే" అన్న మాట స్పష్టంగా వినపడింది. పక్కనున్న నాగరత్నం, "నూతి కాడ ఆడోళ్ళండి, తోట చిమ్ముతున్నారు," అంది మెల్లగా. తెలుసు నాకు. పొద్దున బస్సులో ఆయనకి వివరించబోయిన పాఠమే ఇది. కానీ రాతిలోపల్నుంచి నవ్వు వినపడితే చెవికి పాఠం పట్టదు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు, ఎండ ఉండీ లేనట్టుంది, ఒక్క పిట్ట కూడా ఆ రాళ్ళ మీద వాలలేదు. ఇద్దరం ఆ తర్వాత ఒక్క మాట కూడా పైకి మాట్లాడుకోలేదు. అవసరమైతే సైగలు చేసుకున్నాం.

పదకొండూ పదికి ఏడో బిలం చేరాం. నోరు రెండు మూరల వెడల్పు. దాని లోపలి పెదవి మీద, వాన తగలని చోట, రెండు వేళ్ళ సున్నపు గీతలు. నాలుగేళ్ళయినా నిన్న పెట్టినట్టే ఉన్నాయి.

నా తర్వాత ఈ పని ఎవరూ చేయకండి. ఇద్దరే ఉన్నప్పుడు, పైన మనిషికి తాడు పట్టడం కొత్తయినప్పుడు దిగకూడదు. నేను దిగాను. తాడు పెద్ద బండకి రెండు చుట్లు చుట్టి కట్టాను, చివర నా నడుముకి కట్టుకున్నాను, మధ్యది నాగరత్నం భుజం మీదుగా వేసుకుంది. కాయల గంపలు దించిన చేతులు అవి, తాడు ఒక్క జానెడు కూడా అదరలేదు. పన్నెండు అడుగుల తర్వాత ఇరుకు వచ్చింది. ఊపిరి వదిలి, ఒక చెయ్యి పైకెత్తి, మెలిక తిరిగి దాటాను. దాని కింద ఇంకో ఎనిమిది అడుగులు. కాళ్ళు నేల మీద ఆనాయి.

చిన్న గది అంత చోటు. గోడలు తడిగా మెరుస్తున్నాయి. గోడవారగా గళ్ళ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, దాని మీద గుండ్రటి రాయి పెట్టి ఉంది. అంతే. మనిషి లేడు. ఎదురుగా ఉత్తరం వైపుకి ఒక సొరంగం, వంగి నడిచేంత ఎత్తు. అందులోంచి చల్లగాలి వస్తోంది, దూరంగా, చాలా దూరంగా, బూడిదరంగు వెలుగు మరక ఒకటి ఉంది. లైటు ఆర్పి చూశాను, అది అలాగే ఉంది.

వచ్చిన పని గుర్తొచ్చింది. తువ్వాలు పక్కన నేల మీద కూర్చున్నాను, ఆయన కూర్చుని ఉంటే ఎలా కూర్చుంటాడో అలా. తల పైకెత్తాను. ఇరుకు సందులోంచి బిళ్ళంత ఆకాశం, దాని అంచున తెల్లగా, నిలువుగా, రెండు గీతలు.

చూడకపోయినా బాగుండేదనిపించింది.

పైకి ఎలా వచ్చానో సరిగ్గా గుర్తులేదు. మోచెయ్యి గీసుకుపోయిందని తర్వాత చూసుకున్నాను. తువ్వాలు ఆమె చేతిలో పెట్టాను. మడత విప్పలేదు. రెండు చేతుల మధ్య పెట్టుకుని నొక్కుకుంది. నేను కూర్చుని రొప్పుతుంటే నీళ్ళసీసా మూత తీసి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది. అప్పుడు అడిగింది.

"కనపడిందాండీ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. లేదమ్మా, చీకటే, ఏమీ కనపడలేదు అంటే ఏం పోయింది! కానీ నాలుగేళ్ళు రాళ్ళు గీరిన మనిషి ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. నావల్ల కాలేదు.

"కనపడింది. రెండు గీతలూ కనపడ్డాయి."

ఆమె సీసా తీసుకుని మూత బిగించింది. నాకు ఏడుపొచ్చింది, నేనే ఏడ్చాను. కాసేపటికి ఆమె తువ్వాలు వైపు చూస్తూ, "ఇదెట్టా ఉంది లోపల? పడేసి ఉందా?" అంది.

"లేదు. ఇలాగే మడిచి, మీద రాయి పెట్టి ఉంది."

"మడిచాడా!" ఒక్కసారిగా లేచి నిలబడింది. "మడిచి రాయి పెట్టాడంటే అక్కడ ఉండలేదండి. నేనిక్కడికి వచ్చాను, వెళ్తున్నాను అని పెట్టాడు. ఆయనా కోతమనిషే గదా మేడంగారూ! సున్నం చూస్తే ఆ చెట్టు కింద నిలబడతాడా? సున్నం లేని చెట్టు కిందకి పోతాడు. ముఠా తర్వాత వచ్చేది అక్కడికే గదా. లోపల దారి ఎటుంది?"

"ఉత్తరం వైపు. కొసన కాస్త వెలుగు ఉంది."

"అటు బిలాలు లేవండి. అన్నీ చెయ్యి దూరే సందులే. మనిషి దిగేవి కావని మేమటు చూడనేలేదు."

కంపాసు తీసి ఉత్తరం చూసుకుంటూ వెళ్ళాం. గట్టు ఆ వైపు చదునుగా ఉంటుంది, రాయంతా నిలువునా చీలి ఉంటుంది, అడుగు తీసి అడుగు వేసేటప్పుడు చూసుకోవాలి. ఒక్కో చీలిక దగ్గర బోర్లా పడుకుని లైటు వేసి చూశాను. మొదటి మూడింట్లో ఆకులు, మట్టి. నాలుగోదాంట్లోంచి మొహానికి గాలి కొట్టింది. లైటు వేశాను.

రెండు నిలువుల లోతున ఆయన కూర్చుని ఉన్నాడు. ఉన్నది ఎముకలూ గుడ్డలేననుకోండి. కానీ కూర్చునే ఉన్నాడు, గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, తల వెనక్కి వాల్చి పైకి చూస్తున్నట్టు. నా లైటు నేరుగా ఆ మొహం మీద పడింది. నా కోసమే ఎదురుచూస్తున్నాడనిపించింది. ఎన్నో గుట్టలెక్కాను, ఎన్నో చోట్ల భయపడ్డాను, ఇలాంటి భయం ఎరగను. పక్కకి దొర్లాను.

నాగరత్నం నా చేతిలో లైటు తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చీలికలోకి భుజం దాకా చెయ్యి చాపింది. అందదని ఇద్దరికీ తెలుసు. చెంప రాతికి ఆనించి, మామూలు గొంతుతో, "ఏవయ్యా, వచ్చాను. ఆలస్యమైంది," అంది.

కాసేపటికి కింద తోటలో ఆడవాళ్ళ కేకలు వినపడ్డాయి. ఆ మాట నూతిలోంచి వాళ్ళకి చేరింది.

"ఇక్కడ సున్నం లేదు గదండీ," అంది నాతో, చెయ్యి బయటికి తీయకుండానే. "నేను రానని ఆయన అనుకోలేదు. వస్తాననే కూర్చున్నాడు."

అది ఆమెకి ఊరటో, అంతకంటే పెద్ద బాధో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆమె మొహంలో మాత్రం పొద్దున టీ బడ్డీ దగ్గర చూసిన బిగువు లేదు.

గట్టు కొసన ఫోన్ సిగ్నల్ దొరికింది. ఒకటిన్నరకి పాలెం నుంచి మనుషులు గునపాలతో వచ్చారు, ఆ తర్వాత పోలీసులు వచ్చారు. చీలిక వెడల్పు చేయడానికి రెండు గంటలు పట్టింది. నాలుగేళ్ళ కిందట ఆమెతో పాటు వెతికిన ముఠావాళ్ళే ఎక్కువమంది. గునపం దెబ్బలు గట్టు నిండా వేరే వేరే చోట్ల నుంచి వినపడ్డాయి. ఒక పెద్దాయన, మేస్త్రీ అనుకుంటా, గునపం పక్కన పెట్టి నాగరత్నం ముందు చేతులు జోడించాడు. ఆమె, "మీరేం చేస్తారు బాబాయ్, డబ్బా నా చేతిలోనేగా ఉంది," అంది. మూడున్నరకి పైకి తీశారు. నేను చూసింది చూసినట్టు చెప్పి కాగితం మీద సంతకం పెట్టాను. నా ఫోన్ నంబరు రాయించుకున్నారు. నాగరత్నం కూడా అడిగి తన ఫోన్లో వేసుకుంది.

ఐదూ ఇరవైకి స్టేజీ దగ్గర నూజివీడు బస్సు, ఆరూ ఇరవైకి అక్కడి నుంచి విజయవాడ బస్సు. కూర్చోడానికి చోటు దొరికింది. నా పక్కన ఒక పెద్దావిడ ఒళ్ళో కొబ్బరి మొక్క పెట్టుకుని కూర్చుంది. నా మోచెయ్యి చూసి, "పడ్డావా అమ్మా?" అని అడిగింది. "రాళ్ళెక్కడానికి వెళ్ళానండీ," అన్నాను. "నీకేం ఖర్మ," అని, చీర కొంగు తడిపి తుడవడానికి ఇచ్చింది.

చదివి వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. సున్నపుగట్టు దారులు బాగుంటాయి, రాయి నమ్మదగింది, అలవాటున్నవాళ్ళకి నాలుగు గంటలు చాలు. చలికాలంలోనే వెళ్ళండి, ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్ళండి, బిలాల్లోకి దిగకండి. ఇదంతా బస్సులోనే పుస్తకంలో రాసుకున్నాను. రాసినదాంట్లో గట్టు ఎలా ఉందన్నది మాత్రం లేదు. దాని మీద ఉన్నంతసేపూ నా కాళ్ళ కింద ఎవరో వింటున్నారనిపించింది. అందులో తప్పేమీ లేదని, వినేవాళ్ళకి అది తప్ప వేరే దారి లేకపోయిందని తెలిశాక కూడా ఆ గుబులు తగ్గలేదు.

ఎనిమిదింటికి విజయవాడలో దిగాను. ఆటో దిగి మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. నాగరత్నం. వెనక చాలామంది గొంతులు, ఏడుపులు వినపడుతున్నాయి. ఆ ఇంట్లో ఆ పూట ఎన్ని పనులుంటాయో, ఎంతమందికి జవాబు చెప్పుకోవాలో నాకు తెలుసు.

"మేడంగారూ, ఇంటికి చేరారా?"

"వచ్చేశానమ్మా. మెట్ల మీదున్నాను."

"లోపలికి వెళ్ళలేదా ఇంకా?"

చేరానని అనేసి పెట్టేయొచ్చు. "ఒక్క నిమిషం ఉండమ్మా," అని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని రెండు అంతస్తులూ గబగబా ఎక్కాను. తాళం తీశాను. లోపలికి వెళ్ళి, లైటు వేసి, తలుపు గడియ పెట్టాను. అంతసేపూ ఆమె ఏమీ మాట్లాడకుండా వింది.

"ఇప్పుడు చేరాను," అన్నాను.

"సరేనండి," అంది నాగరత్నం. "ఇంక పడుకుంటాను."